మచ్చల లెక్క

పొద్దున తొమ్మిదింటికి
ఉస్మాన్‌గంజ్‌ల మా దుకాణం డాబా మీద
మొయిజుద్దీన్ సాబ్ సూర్యుణ్ణి కిందికి దించుతడు.
దుర్బీను వెనక పట్టిన పాత పెండ్లి కార్డు మీద
రూపాయి బిళ్లంత వెలుగు.
దాంట్ల నువ్వుగింజలు.
ఏక్, దో, తీన్ అనుకుంట పెన్సిల్‌తోటి చుక్కలు పెడ్తడు.
ఈగ వాలితే ఉఫ్ అని ఊదుతడు,
ఈగ మచ్చ కాదని నాకు వివరంగ చెప్తడు.

ముప్పై రెండేండ్లు హిమాయత్‌సాగర్ కాడ
నీళ్ల గేజీ చదివిండు.
అడుగులు, అంగుళాలు.
ఎంత నిండిందో చెప్పింది గాని
ఎందుకు నిండిందో గేజీ ఒక్కనాడు చెప్పలేదంట.
రిటైరైనంక తల పైకెత్తిండు.

పదకొండేండ్లకొకసారి
సూర్యుడికి తట్టు పోస్తదంట.
పన్నెండేండ్లకు ముష్తరీ చుట్టు తిరిగొస్తడు,
ముప్పైకి ఆర్నెల్లు తక్కువల జుహల్.
మా అమ్మ గురుడు, శని అనేది వాళ్లనే.
ఈ ముగ్గురి లెక్క ఒక్క గల్లీల కలిసిన యేడు
మూసీకి నిద్ర పట్టదంటడు.

మిరుగు నాడు కొర్రమీను కూర పంపిన.
తిని, ముల్లు పళ్లెం అంచుకు పెట్టి
"ఉత్తర కార్తెల పదమూడు దినాలు ఆగదు, రాసుకో బేటీ" అన్నడు.
నేను రాసుకోలే.
కొన్న.
నాలుగు వందల టార్పాలిన్లు, గాజులు కుదువబెట్టి.

ఉత్తర వచ్చింది.
గణేశుడు పొడి రోడ్డు మీద
దుమ్ము లేపుకుంట హుస్సేన్‌సాగర్‌కు పోయిండు.
ఉత్తర చూసి ఎత్తర గంప అంటరు.
ఎత్తి యాడికి పోవాలె,
నాకింకో ఊరు లేదు.
గోదాంల ఎలుకలకు
నాలుగు వందల మడతల నీలాకాశం.

వారం దినాలు సాబ్ డాబా ఎక్కలే.
ఎనిమిదో నాడు వచ్చి
నోట్‌బుక్ నా గల్లా మీద పెట్టిండు.
ఎడమకు, వస్తదన్న వాన.
నడుమ, వచ్చిన వాన, మిల్లీమీటర్లల.
కుడికి సన్నటి గడి, ఎర్ర సిరా:
గలత్.
తిప్పిన. గలత్. గలత్. సహీ. గలత్.
ఒక్కకాడ ఆధా సహీ అని రాసి
కొట్టేసి మళ్ల గలత్.
పంతొమ్మిదేండ్లు.

పంచాంగం చదివే అయ్యగారు
పోయినేటి పంచాంగం మళ్ల తెరవంగ
నేనెన్నడు చూడలే.

"మరి ఎందుకు సాబ్?"
"సూర్యునిది రెండు చుట్లు గూడ నిండలే.
ఇంకొక్క చుట్టు చూడనీ."
డెబ్బై ఏడేండ్ల మనిషి.
గాజుల సంగతి నోటిదాక వచ్చింది.
చాయ్ తెప్పించిన.

మరుసటేడు చిత్త కార్తె.
ఆయన లెక్కల సున్నా.
సూర్యుని మొఖం కడిగిన పళ్లెం, ఒక్క మచ్చ లేదు.
ఆ రాత్రి మొదలైంది,
తెల్లారినా ఎవరి మాట ఇనలే.
మూసారాంబాగ్ వంతెన మీదికెల్లి నది,
చాదర్‌ఘాట్ బస్తీల మంచాలు, గ్యాస్ బండలు, ఒక మేక.
పొద్దెక్కకముందే పట్టాలన్ని అయిపోయినయి.
కొన్ని అమ్మిన.
మిగిలినయి లెక్క రాయలే.

మోకాళ్ల దాక తడిసిన పైజామాతోటి సాబ్ వచ్చి
నా చెవి మీది ఎర్ర పెన్ను అడిగి తీసుకున్నడు.
గలత్ అని రాసి, ఆరనీకి ఊదిండు.
నడుమ గడి కాడ ఆగిండు.
డాబా మీది వాన డబ్బా
నిండి పొర్లింది, ఎంతనో తెల్వదు.
ముప్పై రెండేండ్లు గేజీ చదివినోడు
ఆ గడిల ఒక గీత గీసి ఊకున్నడు.

మూడో నాటికి మబ్బు విచ్చింది.
"కార్డు నువ్వు పట్టు బేటీ, చెయ్యి వణుకుతుంది."
పట్టిన.
రూపాయి బిళ్లంత వెలుగు,
అంచుకు ఒక్క నువ్వుగింజ.
ఈగనో ఏమో.
కదుల్తదేమో అని
ఇద్దరం ఊపిరి బిగపట్టి చూసుకుంట నిలబడ్డం.